బోటులినం ఇంజెక్షన్ పనిచేయడం మానేసిందన్నారు, ఇంతకీ ఏ కండరంలో వేశారు?

ఈ కేసు రాయాలనిపించింది ఆవిడ వెంట తెచ్చుకున్న రిఫరల్ లెటర్ వల్ల. సర్వైకల్ డిస్టోనియా (మెడ కండరాలు వాటంతట అవే బిగుసుకుని తలని ఒక పక్కకి లాగేసే జబ్బు), బోటులినం టాక్సిన్‌తో (కండరాన్ని సడలించే ఇంజెక్షన్ మందు) మొదట్లో బాగా గుణం కనిపించింది, ఇప్పుడు లేదు, యాంటీబాడీలు తయారై ఉండొచ్చు, డీబీఎస్‌కి (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) పరిశీలించగలరు. అంతే. ఒక జబ్బు పేరు, ఒక అనుమానం, ఒక మెదడు ఆపరేషన్, అన్నీ ఉన్నాయి ఆ నాలుగు లైన్లలో. ఏ కండరంలో, ఏ పక్క, ఎంత డోసు వేశారన్నది మాత్రం ఎక్కడా లేదు.

మెడ డిస్టోనియాకి ఇంజెక్షన్లు వేయడం కొత్తగా నేర్చుకుంటున్న జూనియర్లకి, ఈ జబ్బుతోనే ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. ఆవిడ అనుమతి తీసుకున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

వెనక జరిగింది

నలభైల్లో ఉన్న మనిషి. రోజంతా ఎదుటివాళ్లతో మొహంలో మొహం పెట్టి మాట్లాడాల్సిన ఉద్యోగం. మొదట మెడ వెనక నొప్పి, కొన్ని నెలలకి తల దానంతట అదే కుడివైపు లాక్కుపోవడం మొదలైంది. ఎక్స్‌రే తీసి స్పాండిలోసిస్ అన్నారు. ఆ వయసులో ఎవరి మెడకి తీసినా ఎంతోకొంత అరుగుదల కనిపిస్తుంది, దానివల్ల నొప్పి రావచ్చు గానీ తల ఒక పక్కకి తిరిగిపోయి ఉండిపోదు. కాలర్ పెట్టారు, ట్రాక్షన్ ఇచ్చారు, నొప్పి మాత్రలు నడిచాయి. తల కాలర్‌ని నెట్టుకుంటూ తిరగడంతో నొప్పి ఇంకా పెరిగింది.

ఈ లోపు ఆవిడ ఒక కిటుకు కనిపెట్టుకుంది. గడ్డం మీద కుడి చూపుడు వేలు అలా ఆనిస్తే చాలు, తల నిటారుగా నిలబడుతుంది. నెట్టక్కర్లేదు, ఊరికే తాకితే చాలు. ఒక్కోసారి వేలు గడ్డం దాకా వెళ్లకముందే తల సర్దుకునేది. ఇదే ఆవిడ కొంప ముంచింది. "వేలు పెడితే ఆగుతోందంటే నీ చేతిలో ఉన్నట్టేగా" అని ఇంట్లోవాళ్లు, "టెన్షన్ వల్ల" అని ఒకరిద్దరు డాక్టర్లు. చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. ఆ సైకియాట్రిస్టే ఇది మానసికం కాదు, న్యూరాలజిస్ట్‌కి చూపించమని పంపించారు. ఆయనకి నా దండం.

ఈ పొరపాటుకి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌లో బ్రిస్సో 1890లలో ఇలాంటివాళ్లని చూసి, ఇంత తేలికపాటి స్పర్శతో ఆగిపోయేది మనసుకి సంబంధించినదే అయ్యుండాలని తేల్చేశాడు. 1911లో జర్మనీలో ఒపెన్‌హైమ్ డిస్టోనియా అని పేరు పెట్టి ఇది నరాల జబ్బే అన్నా, ఆ పాత అభిప్రాయం దశాబ్దాల పాటు పోలేదు. 1970లలో లండన్‌లో మార్స్‌డెన్ లాంటివాళ్లు మెడ వంకర, కళ్లు బలవంతంగా మూసుకుపోవడం, రాసేటప్పుడు చెయ్యి బిగుసుకోవడం, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మెదడు జబ్బులని వాదించాకే గాలి మారింది. ఇప్పుడైతే ఆ వేలి కిటుకే డిస్టోనియాని గుర్తుపట్టడానికి మాకున్న గట్టి ఆధారాల్లో ఒకటి.

తర్వాత బోటులినం ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మొదటి కొన్ని విడతలు బ్రహ్మాండంగా పనిచేశాయి, తల మధ్యకొచ్చింది, నొప్పి సగం పైన తగ్గింది. ఆ తర్వాత గుణం తగ్గుతూ వచ్చింది. తగ్గిన కొద్దీ విడతకీ విడతకీ మధ్య గడువు కుదించారు, మధ్యలో బూస్టర్లు (అదనపు డోసులు) కూడా వేశారు. చివరికి వేసినా వేయకపోయినా ఒకటే అన్న స్థితికి వచ్చింది.

"నా ఒంటికి ఆ మందు అలవాటు పడిపోయిందంట డాక్టర్ గారూ, ఇక తల తెరవాల్సిందేనంట." నా గదిలో ఆవిడ అన్న మొదటి మాట ఇది. తల కుడికి తిరిగి ఉంది కాబట్టి నాతో మాట్లాడటానికి కుర్చీని పక్కకి తిప్పుకుని కూర్చుంది.

ముందు జబ్బు పేరు సరిగ్గా ఉందా?

మందు పనిచేయడం లేదంటే మొదట అనుమానించాల్సింది మందుని కాదు, డయాగ్నసిస్‌ని. అందుకని మళ్లీ మొదటికొచ్చాం.

ఎప్పుడెప్పుడు ఏ మాత్రలు వాడిందో అడిగాను. మెటోక్లోప్రమైడ్, లీవోసల్పిరైడ్ లాంటి కడుపు మందులు, తల తిరుగుడికి వాడే సిన్నరిజిన్, మైగ్రేన్‌కి వాడే ఫ్లునరిజిన్, సైకోసిస్‌కి ఇచ్చే మందులు, ఇవి మెదడులో కదలికల కబురు మోసే డోపమైన్‌ని అడ్డుకుంటాయి, వీటివల్ల కూడా మెడ వంకర రావచ్చు, మందు మానేశాక కూడా ఉండిపోవచ్చు. "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే ఎవరూ గ్యాస్ మాత్రని లెక్కలోకి తీసుకోరు, పేర్లు ఒక్కొక్కటీ చదివి అడగాలి. ఈవిడ విషయంలో అలాంటివేవీ లేవు.

ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు ఈ వయసులో మొదలవడం అరుదు. అయినా సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీన్) పరీక్ష చేయించి, స్లిట్ ల్యాంప్‌తో కళ్లు చూపించాను. సమయానికి మందులు మొదలుపెడితే అదుపులోకి వచ్చే జబ్బు, వదిలేస్తే లివర్‌నీ మెదడునీ తినేసే జబ్బు, అలాంటప్పుడు ఒక రక్తపరీక్షకి వెనకాడటంలో అర్థం లేదు. నార్మల్. మెదడు, మెడ ఎంఆర్ఐలు అంతకుముందే చేయించి ఉన్నారు, వాటిలో ఏమీ లేదు.

జెనెటిక్ టెస్ట్ చేయించలేదు. ఆవిడే అడిగింది, ఇంటర్నెట్‌లో డీవైటీ1 అనే వంశపారంపర్య డిస్టోనియా గురించి చదివిందట. దానికి కారణమైన టీఓఆర్1ఏ జీన్‌లో లోపాన్ని 1997లో కనుక్కున్నారు, అది సాధారణంగా చిన్నతనంలో కాలితోనో చేతితోనో మొదలై పాకుతుంది. ఆ లోపం ఉన్నవాళ్లలో కూడా సుమారు 30 శాతం మందికే జబ్బు వస్తుంది. పెద్ద వయసులో మెడకే పరిమితమైన డిస్టోనియాలో జీఎన్ఏఎల్, ఏఎన్ఓ3 లాంటి జీన్ల పాత్ర కొందరిలో బయటపడింది గానీ, ఇంట్లో మరెవరికీ ఈ జబ్బు లేని మనిషికి ఆ రిపోర్ట్ ఏమొచ్చినా నేను చేసే వైద్యం మారదు. మారనప్పుడు చేయించడం దేనికి?

అంటే జబ్బు పేరు సరైనదే.

యాంటీబాడీల సంగతి

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. టాక్సిన్ ఒక ప్రొటీన్, బయటి ప్రొటీన్ మాటిమాటికీ ఒంట్లోకి వెళ్తే రోగనిరోధక వ్యవస్థ దాన్ని పసిగట్టి, పనిచేయకుండా అడ్డుకునే యాంటీబాడీలు తయారుచేసే అవకాశం ఉంటుంది. 1997కి ముందు వచ్చిన బోటాక్స్‌లో (ఈ టాక్సిన్ బ్రాండ్లలో ఒకటి) ప్రొటీన్ ఎక్కువ, 100 యూనిట్లకి సుమారు 25 నానోగ్రాములు. ఆ తర్వాతి తయారీలో అది 5కి దిగింది, యాంటీబాడీల గొడవా బాగా తగ్గింది. ఎక్కువ డోసులు, తక్కువ గడువు, బూస్టర్లు, ఇవి ముప్పు పెంచుతాయి, అందుకే కనీసం 12 వారాలు ఆగమంటాం. ఈవిడకి గడువు కుదించారు, బూస్టర్లూ పడ్డాయి. కాబట్టి లెటర్ రాసిన డాక్టర్ అనుమానం తీసిపారేయదగ్గది కాదు.

అయితే అనుమానాన్ని పరీక్షించే దారి ఉంది, అది చాలా సులువు. నుదుటి మీద ఒక పక్క మాత్రమే చిన్న డోసు వేసి, రెండు మూడు వారాల తర్వాత కనుబొమలు పైకెత్తమనాలి. వేసిన పక్క ముడతలు పడకపోతే మందు ఆవిడ ఒంట్లో పనిచేస్తున్నట్టు. రెండు పక్కలా ఒకేలా ముడతలు పడితే నిజంగానే రెసిస్టెన్స్ వచ్చిందని అనుకోవాలి. రక్తంలో యాంటీబాడీలు కొలిచే పరీక్షలున్నాయి గానీ, అవి పాజిటివ్ వచ్చినవాళ్లలో కూడా కొందరికి మందు చక్కగా పనిచేస్తుంది. నాకు కావాల్సింది రక్తంలో ఏముందన్నది కాదు, కండరం సడలుతుందా లేదా అన్నది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. నుదుటి పరీక్ష విడిగా చేసి, ఫలితం చూశాక మెడకి వేయాలా, రెండూ ఒకేసారి చేయాలా? విడిగా చేస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది, కానీ కొన్ని వారాల తేడాలో రెండుసార్లు టాక్సిన్ ఇచ్చినట్టవుతుంది, అంటే ఏ బూస్టర్‌ని తప్పంటున్నానో అదే నేనూ వేసినట్టు. ఒకే పూట రెండూ చేశాను.

పని చేయని విడత

పాత చార్ట్ తెప్పించాం. మొత్తం యూనిట్లు రాసి ఉన్నాయి, కండరాల పేర్లు లేవు. తల కుడికి తిరిగే మెడకి అందరం మొదట వేసే జంట ఒకటుంది, కుడి పక్క స్ప్లీనియస్ క్యాపిటిస్ (మెడ వెనక కండరం), ఎడమ పక్క స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ (చెవి వెనక నుంచి మెడ ముందుకి దిగే కండరం). తలని కుడికి తిప్పేది ముఖ్యంగా ఈ రెండే. ఇంతకుముందు సూది గురి తప్పి పడి ఉండొచ్చు, డోసు చాలకపోయి ఉండొచ్చు, కాబట్టి ఈసారి ఈఎంజీ (కండరంలోని విద్యుత్ కదలికని శబ్దంగా వినిపించే పరికరం) శబ్దం వింటూ, అదే జంటకి కాస్త ఎక్కువ డోసు వేద్దాం అనుకున్నాను. ముందు తెలిసిన దారిలో సక్రమంగా వేసి చూస్తే, అది పనిచేయకపోయినా ఒక విషయం తేలుతుంది.

మూడు వారాలకి వచ్చింది. కనుబొమలు ఎత్తమన్నాను. ఎడమ పక్క నుదురు మూడు గీతలుగా ముడుచుకుంది, కుడి పక్క ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది. అద్దం ఇస్తే చూసుకుని పకపకా నవ్వేసింది. మందు ఒంటికి అలవాటు పడిపోయిందన్న మాట ఆ పూటతో పోయింది.

మెడ మాత్రం ఉన్న చోటే ఉంది. పైగా ఎడమ స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ సన్నబడింది, అంటే దానిలోకి మందు చేరింది, అది సడలింది కూడా, తల మాత్రం మధ్యకి రాలేదు. దానితో పాటు మింగడంలో ఇబ్బంది వచ్చింది. ఆ కండరం గొంతుకి దగ్గర కాబట్టి టాక్సిన్ పక్కకి పాకితే మింగే కండరాలు బలహీనపడతాయి, మెడ సన్నగా ఉన్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పి ఉంచాను కాబట్టి కంగారు పడలేదు. మెత్తటి ఆహారం, చిన్న గుక్కలు, గడ్డం కిందికి దించి మింగడం, పొరబోయినా ఊపిరి అందకపోయినా వెంటనే ఆసుపత్రికి రావడం. ఒకసారి వేసిన టాక్సిన్‌ని వెనక్కి తీయలేం, దాని ప్రభావం తగ్గేదాకా ఆగాల్సిందే. రెండు వారాల్లో సర్దుకుంది.

ఈ విడతని పైకి చూస్తే ఫెయిల్యూర్ అనే అంటారు. నాకు మాత్రం రెండు జవాబులొచ్చాయి. మందు పనిచేస్తోంది. మనం వేసిన కండరం కూడా సడలింది. అలాంటప్పుడు తలని తిప్పుతున్నది వేరే ఏదో అయ్యుండాలి.

మళ్లీ చూడటం

డిస్టోనియా ఉన్నవాళ్లు డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు తెలియకుండానే తలతో కుస్తీ పడుతుంటారు. అది కుడికి లాగితే వీళ్లు ఎడమకి లాగుతారు. మనకి కనిపించేది రెండింటి మధ్య రాజీ. అందుకని ఆవిణ్ణి కళ్లు మూసుకోమని, చేతులు ఒళ్లో పెట్టుకోమని, "తలని ఆపకండమ్మా, ఎటు పోతే అటు పోనివ్వండి" అని చెప్పి వీడియో తీశాం. నిమిషం దాటాక అసలు భంగిమ బయటికొచ్చింది. గడ్డం కుడి భుజం వైపు బాగా తిరిగిపోయింది, ఎడమకి తిప్పమంటే అడ్డంగా చిన్న కుదుపులు, వద్దు వద్దు అన్నట్టు. పూర్తిగా కుడికి వదిలేస్తే కుదుపులు ఆగిపోయాయి.

అప్పుడు వేలితో గొంతు ముడి తడిమి చూశాను. అది మధ్యలోనే ఉంది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కేసంతా ఇక్కడే తిరిగింది. మెడ మొత్తం తిరిగితే గొంతు ముడి కూడా పక్కకి తిరగాలి. మొహం ఒక్కటే తిరిగి గొంతు మధ్యలో ఉందంటే తిరుగుడంతా పైన, పుర్రెకి కిందనున్న మొదటి రెండు వెన్నుపూసల మధ్య జరుగుతోందన్నమాట. తల తిప్పుడులో సుమారు సగం అక్కడే జరుగుతుంది. జర్మనీలో రైషెల్ తల స్థాయి వంకరనీ మెడ స్థాయి వంకరనీ వేరుచేసి చూడమని చెప్పింది ఇందుకే, రెండింటికీ కండరాలు వేరు.

ఆ స్థాయిలో తలని కుడికి తిప్పే చిన్న, లోతైన కండరం కుడి ఆబ్లిక్వస్ క్యాపిటిస్ ఇన్ఫీరియర్. రెండో వెన్నుపూస వెనక ముల్లు నుంచి మొదటి వెన్నుపూస పక్క కొమ్ము దాకా ఏటవాలుగా ఉంటుంది, పైన రెండు మూడు కండరాల పొరలు కప్పి ఉంటాయి. చేత్తో తడిమితే దొరకదు. ఈఎంజీ సూది కూడా తానున్న చోట కండరం చురుగ్గా ఉందో లేదో చెబుతుంది గానీ, అది ఏ కండరమో చెప్పదు.

అల్ట్రాసౌండ్ పెట్టాం. కుడిది ఎడమ దానికన్నా స్పష్టంగా మందంగా ఉంది. తలని ఎడమకి తిప్పమన్నప్పుడల్లా స్క్రీన్ మీద ఆ కండరం టిక్కు టిక్కుమని కొట్టుకుంది, బయట తల ఊగే లయలోనే, పైనున్న పొరలు మాత్రం దాదాపు కదలకుండా ఉన్నాయి. పక్కనున్న ఫిజియోథెరపిస్ట్ "దొరికింది సార్" అంది.

ఇంకొకటి కూడా తేలింది. ఆవిడ ఎప్పుడూ నొప్పి అని చూపించేది ఎడమ పక్క మెడ వెనక. వెనకటి విడతల్లో అక్కడ కూడా వేసేవారని ఆవిడే చెప్పింది. అది తలని తిరిగి మధ్యకి లాక్కునే కండరం, రోజంతా కుస్తీ పట్టి అలిసిపోయి నొప్పి పెడుతోంది. దానికి టాక్సిన్ వేయడమంటే ఆవిడ పక్షాన పోరాడుతున్నదాన్నే బలహీనపరచడం.

మరి మొదటి విడతలు ఎందుకు పనిచేశాయి? అప్పట్లో పైనున్న జంటే ముఖ్యంగా తిప్పుతూ ఉండి ఉంటుంది. డిస్టోనియాలో ఏ కండరం ఎంత లాగాలన్నది కాలంతో మారొచ్చు, ఒకటి సడలితే ఇంకొకటి పని అందుకోవచ్చు. దీనికి కారణం జబ్బు కండరంలో లేకపోవడమే. మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా, సెరెబెల్లమ్ (చిన్నమెదడు), స్పర్శని లెక్కగట్టే భాగాలు కలిసి నడిపే సర్క్యూట్‌లో అనవసరమైన కదలికని అణచే పని సరిగ్గా జరగదు. ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని వేరుచేసి గుర్తించడంలోనూ తేడా ఉంటుందని, రెండు స్పర్శల మధ్య ఎంత వ్యవధి ఉంటే రెండుగా తెలుస్తాయో చూసే పరీక్షల్లో తేలింది. జబ్బు లేని బంధువుల్లో కూడా కొందరికి ఆ తేడా కనిపించింది.

"జబ్బు మెదడులో ఉంటే మెడలో సూది ఎందుకు మరి?" అని ఆవిడ అడిగింది. మంచి ప్రశ్న. టాక్సిన్ నరం చివర ఎస్‌ఎన్ఏపీ-25 అనే ప్రొటీన్‌ని కత్తిరించి, కండరానికి ఆజ్ఞ మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా చేస్తుంది. కండరానికి ఆజ్ఞ అందదు. కండరం లోపల సాగుడుని కొలిచే స్పిండిల్స్‌కి వెళ్లే నరాలనీ అది అడ్డుకుంటుంది, అంటే మెదడుకి తిరిగి వెళ్లే కబురు కూడా కొంత మారుతుంది. అయినా అది జబ్బు మూలాన్ని తీసేయదు, మూడు నెలలకి మళ్లీ రావాల్సిందే. ఇది మొహమాటం లేకుండా చెప్పాను.

పనిచేసిన విడత

12 వారాలు నిండేదాకా ఆగాం. ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసి ముందే వేయమంది, ఒప్పుకోలేదు.

ఎడమ స్టెర్నోక్లైడోమాస్టాయిడ్‌ని పూర్తిగా వదిలేశాను. సడలినా తల కదల్లేదు, మింగుడు మాత్రం చెడింది, ఇక దాన్ని ముట్టుకోవడం దేనికి? ఎడమ పక్క వెనక కండరాలనీ వదిలేశాను. కుడి స్ప్లీనియస్‌కి డోసు తగ్గించాను. కుడి ఆబ్లిక్వస్‌కి అల్ట్రాసౌండ్ చూస్తూ చిన్న డోసుతో మొదలుపెట్టాను, ఎందుకంటే దాని బయటి కొస దగ్గర మెదడుకి రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమని ఉంటుంది, కింది అంచు చుట్టూ తల వెనక్కి వెళ్లే నరం తిరుగుతుంది. డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని చూపించే అల్ట్రాసౌండ్) ధమనిని చూసి, సూదిని లోపలి సగంలోనే ఉంచాం. మొత్తం డోసు పాత విడతల్లో సగం కూడా లేదు. ఒక బ్రాండ్ యూనిట్లు ఇంకో బ్రాండ్ యూనిట్లతో సమానం కాదు కాబట్టి అంకెలు కావాలనే రాయడం లేదు, ఎవరైనా చూసి కాపీ కొడితే ప్రమాదం.

వారం తిరిగేసరికి మార్పు మొదలైంది, నాలుగో వారానికి తల దాదాపు మధ్యకొచ్చింది. మెడ డిస్టోనియాని కొలవడానికి మేం వాడే టీడబ్ల్యూఎస్‌టీఆర్ఎస్ స్కేల్‌లో వంకర తీవ్రతకి 35, ఇబ్బందికి 30, నొప్పికి 20 మార్కులుంటాయి. తీవ్రత సగానికి దిగింది, నొప్పి అంతకన్నా ఎక్కువే తగ్గింది, ఎడమ పక్కది కూడా, అక్కడ ఏమీ వేయకుండానే. మింగడంలో ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి కుర్చీ తిప్పుకోకుండా కూర్చుంది. తల కుదుపులు మాత్రం తగ్గాయే గానీ పోలేదు.

డీబీఎస్ కాగితాన్ని ఫైల్‌లోనే ఉంచాను, చింపలేదు. మెదడులోని గ్లోబస్ పాలిడస్ లోపలి భాగంలో ఎలక్ట్రోడ్లు పెట్టే ఆ ఆపరేషన్ మెడ డిస్టోనియాకి ఉపయోగపడుతుందని 2014లో వచ్చిన ట్రయల్ గట్టిగానే చూపించింది, టాక్సిన్ నిజంగా పనిచేయనివాళ్లకి అది మంచి దారి. కానీ నిజంగా పనిచేయలేదు అనే ముందు మందు, కండరం, డోసు, గడువు, ఈ నాలుగూ విడివిడిగా తేలాలి. ఈ కేసులో తేలింది కండరం.

అప్పటినుంచి మా చార్ట్ మార్చాం. కండరం పేరు, పక్క, డోసు, ఏ సాయంతో వేశామన్నది తప్పనిసరి. పేషెంట్ మూడు తేదీలు రాసుకొస్తారు, గుణం మొదలైంది ఎప్పుడు, బాగా ఉన్నది ఎప్పుడు, తగ్గడం మొదలైంది ఎప్పుడు. ఊరు మారినా డాక్టర్ మారినా ఆ కాగితం వాళ్ల చేతిలో ఉండాలి. ప్రతి విడత ముందూ కళ్లు మూసుకుని తలని వదిలేసిన వీడియో తీస్తాం, పాతదానితో పోల్చాకే సూది పట్టుకుంటాం.

ఈ మధ్య తీసిన వీడియోలో తల మధ్యలోనే ఉంది గానీ కుడి భుజం కొద్దిగా పైకి లేస్తోంది. భుజాన్ని పైకెత్తే లెవేటర్ స్కాపులే కండరం పని అందుకుంటోందా, లేక కుదుపులని ఆపడానికి ఆవిడే భుజం బిగిస్తోందా అన్నది ఇంకా తేలలేదు. దానికి ఈ విడత ఏమీ వేయలేదు, వచ్చేసారి అల్ట్రాసౌండ్‌లో చూశాకే.